ఊ కొట్టే గుండె

విజయనగరం, కంటోన్మెంటు దగ్గర ఆసుపత్రి,
రెండో అంతస్తులో ఏసీ పనిచేయని గది.
మంగళవారం మంగళవారం నేను గుండెల్ని పలకరిస్తాను.
మనుషులు నోటితో చెప్పేది ఒకటి,
ఎడమ భుజం కింద అగ్గిపెట్టంత డబ్బా
నా తెర మీదికి పంపే చీమలబారు ఇంకొకటి.

బోని ఎరకయ్య, అరవై మూడు.
గంట్యాడ అవతల ఊరు, నలభై గొర్రెలు.
మొదటిసారి తెచ్చినప్పుడు నిమిషానికి ముప్పై రెండు.
పై గది పిలుస్తోంది, కింది గదికి కబురు అందడం లేదు.
తాటిపూడి కాలవగట్టు మీద మూడుసార్లు పడిపోయాడట.
గొర్రెలు ఆగాయా అని అడిగాను.
"అయ్యెందుకాగుతాయమ్మా, అవతల పచ్చ కనిపిత్తంటే!"

డబ్బా పెట్టాం. అరవై దగ్గర కాపలా.
లోపల ఒక సెన్సర్,
నడకనీ మెట్లనీ పరుగునీ
ఒంటి అదురుతోనే పోల్చుకుని జోరు పెంచుతుంది.

ఆరు నెలలకి మళ్ళీ వచ్చాడు.
"గుండె నాకంటే ముందే ఎల్లిపోతంది పాపా.
నాను నిలబడే ఉంతన్నాను, అది పరిగెడతంది."
డబ్బా జ్ఞాపకాలు తోడాను.
వారమంతా గొర్రెల వెనక నడిచే మనిషి గుండె.
శనివారం రాత్రి తొమ్మిది దాటితే మాత్రం
నూటపద్దెనిమిది, నూటఇరవై.
శనివారం ఏం చేస్తారు?
నా వైపు ఓసారి చూసి, కూచున్న చోటే
ఉత్త రొమ్ము మీద రెండు చేతులూ ఆడించాడు.

తప్పెటగుళ్ళు.
మెడకి తాడు, రొమ్ముకి రేకు తప్పెట,
కాళ్ళకి గజ్జెలు, తాత చేతుల్లోంచి దిగిన దరువు.
తెర మీద చీమలు పరుగందుకున్నాయి.
డెబ్భై. ఎనభై అయిదు. నూటపది.
మనిషి కుర్చీలోనే ఉన్నాడు.

కంపెనీ పుస్తకమంతా తిరగేశాను.
సైకిలు ఉంది, ఈత ఉంది, కుట్టుమిషను కూడా ఉంది.
రొమ్మునే వాయించుకునే వాడి గురించి ముక్క లేదు.
"అయితే మనమే రాద్దాం" అంది డాక్టర్ హైమావతి.
దళంలో పదకొండు మందికి హోల్టర్లు కట్టాం,
డబ్బా లేని గుండె ఆ దరువుకి ఎంత పలుకుతుందో లెక్క తీయాలని.
మూడు రాత్రుల రికార్డింగు పాడైపోయింది.
ఏది గుండె, ఏది తప్పెట, గీతలకే తెలియలేదు.
నాలుగో రాత్రి తీగలు వీపు మీదికి మార్చాం.

సెన్సర్ ఆపేస్తానన్నాను.
ఎరకయ్య చొక్కా గుండీలు పెట్టుకోలేదు.
"కూసింత ఉంచీ తల్లీ.
ఇన్నాళ్ళూ దరువుకి నానాడినాను.
దరువుకి గుండె ఆడడం ఇప్పుడే సూత్తన్నాను."
ఆపలేదు.
సెన్సర్ గడప ఎత్తు పెంచాను,
పైన తొంభై అయిదుకి గొళ్ళెం పెట్టాను.
ఎందుకు ఉంచావని డాక్టరమ్మ అడిగితే
చెప్పడానికి రెండు కారణాలు సిద్ధం చేసుకున్నాను. అడగలేదు.

ఇక చివరి పరీక్ష.
నిద్రకి జోగే పిల్లాడికి కథ చెబుతున్నట్టు
డబ్బా గొంతు తగ్గిస్తూ పోవాలి.
రెండు వోల్టులు. గుండె ఊ అంది.
ఒకటి. ఊ.
ముప్పావు. ఊ.
అర.

ఆ ఒక్క దెబ్బ ఖాళీలో
ఎరకయ్య కళ్ళు పైకప్పు నుంచి నా మీదికి దిగాయి.
వేలు తీసేశాను.
ఊ.

చొక్కా తొడుక్కుంటూ అడిగాడు:
"నాను పోయినాక కూడా ఇది కొడతాదా?"
కొడుతుంది. ఊ కొట్టేవాళ్ళు ఉండరు.
కాసేపు ఆలోచించాడు.
"అయితే ముందు దాన్ని తీసీమని సెప్పీ మావోళ్ళకి.
పాపం, వంత లేకుండా ఎంతసేపని పాడతాది?"

బ్యాటరీ తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు, అని రాశాను.
'వ్యాయామం' అన్న గడిలో
తప్పెటగుళ్ళు అని పట్టేంత చోటు లేదు,
పక్క గడిలోకి జరిపి రాశాను.