మూడో రింగు

సార్పి గేటు ఇంకా వంద అడుగులుండగానే
నజిబ్రోలా వెనక్కి తిరిగి
వ్యానంతా వినబడేలా అరిచింది:
"డేటా కట్టెయ్యండే!
గ్యాసు కట్టకుండా గుమ్మం దాటతారా ఎవరైనా?"
పదకొండు మంది ఆడవాళ్ళం
ఒళ్ళో ఫోన్ల మీదికి తలలు వంచాం.
చూసేవాళ్ళకు ప్రార్థన అనిపించి ఉంటుంది.

కిందటేడు ఎవరో పిల్ల మరచిపోయిందట.
జేబులో ఫోను తనంతట తానే
ఏదో పెళ్ళి వీడియో దించుకుంటూ కూర్చుందట.
తొమ్మిది రోజుల ఆకుకోత మింగేసింది.
ఆ పెళ్ళి కూడా తనది కాదు.

గేటుకు ఇటు నల్లసముద్రం,
అటు కూడా అదే.
నీళ్ళకు రోమింగు లేదు.

కెమాల్‌పాషాలో సిమ్ములమ్మే షుక్రూ
నా పాస్‌పోర్టు తిరగేసి టూరిస్టు ధర చెప్పాడు.
నజిబ్రోలా తన పది వేళ్ళూ బల్ల మీద పరిచింది,
ఇరవై సీజన్ల తేయాకు పసరు,
"ఇవి టూరిస్టు చేతులా?"
ధర తగ్గించలేదు గానీ ఇద్దరికీ టీ పోశాడు.
మేం కోసిందే అయ్యుండాలి.
పైగా నూట ఇరవై రోజులు దాటితే
ఈ దేశం నా ఫోన్ని గుర్తుపట్టదట.
నన్ను గుర్తుపట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందో
అడగాలనిపించింది, అడగలేదు.

సిమ్ము కొనలేదు.
నజిబ్రోలా లెక్కే నేర్చుకుని
ఇంటి దగ్గర చెల్లెలు ఎతేరికీ నేర్పాను:
ఒక్క రింగయితే, తిన్నాం, పడుకుంటున్నాం.
రెండయితే, డబ్బు అందింది.
ఎత్తకూడదు.
ఎత్తితే మాట, మాటకు నిమిషం,
నిమిషానికి అరబుట్ట ఆకు.
నోరు కట్టుకోవడమంటే
తిండి విషయంలోనే అనుకునేదాన్ని.

ఆదివారాలు మాత్రం కొండెక్కేవాళ్ళం.
తోట పైవరసలో ఒక రాయుంది.
దాని మీద ఎడమకాలు మోపి
ఫోను కాస్త సముద్రం వైపు వంచితే
మా దేశపు టవరు ఒక్క గీత పంపుతుంది,
పొరుగింటి గోడ మీంచి
చక్కెర గిన్నె అందించినట్టు.
రాయి కింద వరస. మనిషికి నాలుగు నిమిషాలు.
మంచు దిగితే గీత పోతుంది,
సగం మాటలు చేపలకే.
మక్వాలా తన నాలుగు నిమిషాలూ ఏడ్చి దిగేది.
"ఏడిస్తే ఏడ్చింది, లోకల్ రేటుకే కదా,"
అనేది నజిబ్రోలా.

ఒక బుధవారం రాత్రి,
రేకుల మీద వాన,
నా తలకింద ఫోను మోగింది.

ఒకటి. సరే, తిన్నారు.
రెండు. నేనింకా డబ్బే పంపలేదు.
మూడు.

మూడుకు మా దగ్గర అర్థం లేదు.

ఆగింది.
మళ్ళీ మోగింది. మళ్ళీ మూడే.
చీకట్లో ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు.
ఎవరో దీపం వేయబోయి మానేశారు.
మూడోసారి మోగినప్పుడు
ఇరవై సీజన్లలో ఎవర్నీ ఎత్తనివ్వని మనిషి
"ఎత్తు," అంది.

ఎత్తాను.
ఎతేరి గొంతు కాదు.
ఒక ఊపిరి. చిన్నది, ముక్కు దిబ్బడ పట్టినది.
నా నాలుగేళ్ళ మరీటా.
"అమ్మా,
నాకు మూడు దాకా వచ్చేసింది."

తర్వాత నేనేమన్నానో గుర్తులేదు.
మళ్ళీ చెప్పమన్నాననుకుంటా,
అది ఒకటి నుంచి మొదలుపెట్టింది,
గదిలో పదిమందీ దానితోపాటు
పెదవులు కదిపారు.

తెల్లారకముందే బిల్లు మెసేజి.
నజిబ్రోలా కళ్ళజోడు తుడుచుకుని చదివింది.
"పదకొండు నిమిషాలు," అంది.
బుట్ట భుజానికెత్తుకుని
గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.
"నాలుగెప్పుడు నేర్చుకుంటుందో
ముందే చెప్పమను.
రాయి దగ్గర నిలబడదాం."