కొన విరగని రొట్టె

మంచి రొట్టె ఎక్కడ దొరుకుతుందని
తిబ్లిసీలో ఎవర్నీ అడక్కండి.
ప్రతివాడూ తన వీధి పేరే చెబుతాడు.
నన్నడగండి.
ఇరవై ఆరేళ్లు ఈ ఊరి రొట్టెల కొట్లకి
పిండి బస్తాలు మోసినవాణ్ణి.
నా కనుబొమ్మలు నెరిసింది వయసుకో, పిండికో
మా ఆవిడకీ తెలీదు.

సోలొలాకీలో కొట్టు నేల కింద ఉంటుంది.
కిటికీ మీ చీలమండల ఎత్తులో.
రొట్టె కావాలంటే ఎంతటివాడైనా
నడుం వంచాల్సిందే.
లోపల జుంబేరు.
అతని పొయ్యి పొయ్యి కాదు, మట్టి బావి.
నీళ్లుండాల్సిన చోట నిప్పులు.
చేద జారవిడుచుకున్నవాడిలా
తల కిందికి నడుం దాకా వంగి
పిండిని గోడకి చరిచి
ఊపిరి బిగబట్టి పైకి లేస్తాడు.
రొట్టెకో మునక.
అతని ముంజేతుల మీద వెంట్రుక మొలిచి
ఎన్నేళ్లయిందో.

నద్జలదేవిలో, రైలు పట్టాల పక్కన,
బద్రీ, తెంగో అన్నదమ్ములు.
ఒకడు పిసుకుతాడు, ఒకడు కాలుస్తాడు,
పన్నెండేళ్లుగా మాటల్లేవు.
చెప్పదలుచుకున్నదేదో
పిండిలోంచే చెప్పుకుంటారు:
ఉప్పెక్కువైతే బద్రీకి కోపమొచ్చినట్టు,
అంచు మాడితే తెంగో బదులిచ్చినట్టు.
వాళ్లు రాజీపడకూడదని
ఆ పేటంతా మొక్కుకుంటుంది.
అంత రుచి.

గ్లదానీ చాలా దూరం, వెళ్లండి.
తొమ్మిదంతస్తుల మేడల నడుమ
ఒక తుప్పు పట్టిన కారు షెడ్డులో
సిరానుష్ పలచటి రొట్టెలు చేస్తుంది,
ఆరేసిన తువ్వాళ్లలా.
అప్పు పుస్తకంలో పేర్లు రాయదు, అంతస్తులు రాస్తుంది.
ఐదో అంతస్తు, రెండు.
ఏడో అంతస్తు, ఒకటి, పింఛనొచ్చాక.
పోయిన చలికాలం ఎనిమిదో అంతస్తు చనిపోయింది.
ఆ బాకీ ఆమె ఇంకా కొట్టెయ్యలేదు.
తీర్చేవాళ్లుండి కాదు.

అవ్లబారీది మాత్రం వద్దు.
ఎందుకని అడక్కండి. వాళ్లు నాకు డబ్బివ్వాలి.

ఇంక అసలు సంగతి.
మా రొట్టెకి రెండు కొనలు, నెలవంకకి మల్లే.
వేడి రొట్టెని ఇంటిదాకా పూర్తిగా మోసుకెళ్లినవాణ్ణి
నేనింతవరకూ చూళ్లేదు.
మొదటి మలుపులో ఒక కొన పోతుంది,
మెట్ల దగ్గర రెండోది.
మా లమారా నన్ను చేసుకున్న ముప్ఫయ్యొక్కేళ్లలో
కొనలున్న రొట్టె ఎరగదు.
ఆమెకి దక్కింది నడుమే.

మొన్న వసంతంలో డాక్టరు చీటీ మీద
చక్కెర అంకె రాసి, కింద రెండు గీతలు గీశాడు.
ఆ సాయంత్రం
రెండు కొనలతో రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను.
లమారా దాన్ని తిప్పి చూసింది.
అటూ ఇటూ చూసింది.
"ఎవరు పోయారు?" అంది.

ఇప్పుడు రొట్టె తనే తెస్తోంది.
రోజుకో పేట, బస్సు మారి బస్సెక్కి,
నేను బస్తాలు దింపిన గుమ్మాలన్నీ
ఒక్కొక్కటే తొక్కుతోంది.
వచ్చాక నన్ను కళ్లు మూసుకోమంటుంది,
కొన విరిచి ముక్కు దగ్గర పెడుతుంది.
ఏ కొట్టుదో చెప్పాలి.
సరిగ్గా చెబితే కొన తనది.
తప్పితే, పాపం ముసలాడని,
వేలి గోరంత నా నోట్లో.

నిన్న పొగ వాసన కన్నా ముందు
ఉప్పు తగిలింది ముక్కుకి.
బద్రీకి మళ్లీ దేనికో కోపమొచ్చింది.

"సోలొలాకీ" అన్నాను.