నేలకంటే ముందు ఊగిన గోడ

కన్సెప్సియోన్‌లో వాన విడవని మంగళవారం.
ప్రయోగశాలలో, ఇనుప బల్లమీద
నిలువెత్తు పచ్చి ఇటుకల గోడ.
ఒంటినిండా జలగల్లా పదిహేను సెన్సర్లు.
పదహారోది పాడైంది, తీసేశాం.
బల్ల కింద రెండు హైడ్రాలిక్ చేతులు.
అవి కుదపాలి, ఇవి చెప్పాలి.
అంతే పని.

గ్రాఫు చూసి రాయెన్ కత్రిలేయో నవ్వలేదు.
గోడ తల ఊగిన నలభై మిల్లీసెకన్లకు
నేల కదిలిందట.
"దెబ్బకు ముందే ఏడుపా?" అన్నాడు
కేబుళ్ళు చుట్టే ముసలాయన, ఎలెయుతేరియో.

తప్పు గోడది కాదు.
నాలుగు పెట్టెలకు నాలుగు టాస్కులు రాసింది ఆమె.
ఒకదాన్ని లేపి, రెండోదాన్ని లేపి,
నాలుగోదాన్ని లేపేసరికి
మొదటిది అప్పటికే లెక్క మొదలెట్టేసింది.
ఆలస్యంగా కళ్ళు తెరిచినది
తాను తెరిచిన క్షణాన్నే సున్నా అనుకుంది.
ఎవరి సున్నా వారిది.
ఎవరికి వారే యమునా తీరే.

రాత్రి ఆమె అన్నిటినీ ఒక్క టాస్కులోకి చేర్చింది.
పేరు పెట్టి పిలిచింది ఒక్కొక్కదాన్నీ:
పునాది ఎడమ, పునాది కుడి,
నడుము, కిటికీ మూల, తల.
ఒకే గడియారం. ఒకే కేక.
కేక వినేదాకా ఎవరూ నోరు విప్పకూడదు.

కుదిపే చేతుల్నీ ఇందులోనే కలపబోతే
యంత్రం ఒప్పుకోలేదు.
చెప్పేవాళ్ళ బంతి వేరు, చేసేవాళ్ళ బంతి వేరు.
సరే, వేరుగానే కూచోండి,
గడియారం మాత్రం ఇదే, అంది.

అయినా పెట్టెకొకటే గరిటె.
నాలుగు విస్తళ్ళకూ వరసగా వడ్డించాలి.
తొందరపడితే ముందు విస్తరి పులుసు
పక్క విస్తరి పెరుగులో పడుతుంది.
కాబట్టి కాస్త నిదానించమంది గరిటెను,
కొన్ని మైక్రోసెకన్లు.
"ఒకేసారి" అన్నమాట
అప్పుడూ పూర్తి నిజం కాదు.
కాకపోతే అబద్ధం ఎంతో
ఇప్పుడు ఆమెకు తెలుసు.
ఖాళీ ఛానల్ ఊరికే గాలి కబుర్లు చెబుతుంటే
దాన్ని భూమికి కట్టేసింది.

కుదుపు కోసం కాచుక్కూచున్నప్పుడు
ముసలాయన చెప్పాడు, అడక్కుండానే.
తన ఏడో ఏట వచ్చిన భూకంపం.
అమ్మ ముందు గోడ పడిందనేది.
అక్క ముందు కుక్క మొరిగిందనేది.
తనకు గుర్తున్నది కొక్కేలకున్న కప్పులు,
అవి మోగాకే మిగతావన్నీ.
అరవై ఏళ్ళు ప్రతి భోజనం దగ్గరా
ఇదే తగువు.

"అందరూ నిజమే చెప్పి ఉంటారు" అంది రాయెన్,
"ఒకేసారి మొదలెట్టలేదంతే."

కేక.
నేల కదిలింది. తర్వాత పునాది.
తర్వాత నడుము, కిటికీ మూల.
తల అందరికంటే ఆఖరున,
అందరికంటే పెద్దగా.
మూల నుంచి పగులు పాకింది,
జారిన కుట్టులా.

తెరమీద పదిహేను గీతలు చిందులేస్తున్నాయి.
అడుగున ఒకటి
తాడు లాగి కట్టినంత నిటారుగా.
"ఇదెవరిది?"
"ఎవరిదీ కాదు. భూమికి కట్టినది.
ఏం జరిగినా సున్నా అనే చెబుతుంది."

చాలాసేపు చూశాడు దాన్నే.
"మా నాన్న," అన్నాడు,
మోచేతికి కేబుల్ చుట్టుకుంటూ.

రేపు ఇటుకల లారీ ఎనిమిదింటికి.