కుడుముల కట్ట

కొబ్బరికాయ అంటే మా ఇంట్ల దేవునికి కొట్టేది.
కూరల పడేది కుడుక.
అసొంటిది, రెండు పచ్చికాయలు కొట్టి, తురిమి,
నా పాత నూలుచీరె కొంగుల వేసి ఆయన పాలు పిండుతుంటె
గోడ అవతలికెల్లి రాజవ్వ తొంగి చూసింది:
"దేవుని కాయెను గేదె లెక్క పితుకుడేందిరా!"

మస్కట్ల ఏడేండ్లు.
తెచ్చిన అట్టపెట్టె ఇంకా అరుగు మీదనే ఉన్నది,
లింబాద్రి, మెట్‌పల్లి అని నల్లరంగు అక్షరాలతోటి.
మూడేండ్లు గిన్నెలు తోమిండట,
తర్వాత ఉల్లిగడ్డలు కోసిండట,
ఆఖర్న పొయ్యి కాడికి రానిచ్చిందట నొక్.
నొక్ అంటే వాళ్ల భాషల పిట్ట.
పొద్దటి సంది ఆ పిట్ట
మా వంటింట్ల పదకొండు సార్లు వాలింది.
లెక్కపెట్టుడు నాకు అలవాటే.

నిమ్మగడ్డి దొరకదనుకున్నడు.
బోరింగు పక్కన దోమలకని నేనే పెట్టిన.
దుంపరాష్ట్రం మందుల పసారి దగ్గర
దగ్గుకని చెప్పి తెచ్చిన.
వాళ్ల చాపల రసం సీస ఇక్కడేది?
ఎండు రొయ్యలు వేయించి దంచిన.
నాలిక్కి రాసుకొని, "దాని లెక్క లేదు" అన్నడు.
"ఏ దాని లెక్క?" అన్న.
నూరుడు ఆపిండు. మళ్ల నూరిండు.

ఎండుమిరప, ఎల్లిగడ్డ, కొత్తిమీర ఏర్లు
రోట్ల కలిసి ఎర్రమన్నయినయి.
గంజుల కొబ్బరిపాలు నూనె తేలెదాక కాగినంక
ముద్ద పడంగనే ఇల్లంత తుమ్మింది.
ఆయన, నేను, హారిక, గోడ అవతల రాజవ్వ,
ఒకరెనుక ఒకరం.
ఏడేండ్లల్ల అందరం కలిసి చేసిన
మొదటి పని అదే.

ఇగ మైదా. వేడినీళ్లతోటి పిసికి, పూరీల లెక్క ఒత్తి,
నడిమిట్ల కోడి ఖీమా, ఉల్లాకు పెట్టి
అంచుకు మడతలు వెయ్యాలె, ఎనిమిది.
"అల్కగ రాదు. నాకు ఆర్నెల్లు పట్టింది."
తంబాకు చేతులతోటి ముట్టకు అని ఆయన అనలే.
అంటడేమో అని నేనే
చింతపండు పెట్టి మూడుసార్లు తోముకున్న.
పోలే. ఆ వాసన గోర్ల కింద ఇల్లు కట్టుకున్నది.

ఒకటి తీసుకున్న.
తునికాకు మూతి మలిచినట్టు
బొటనవేలి గోరు ఆనిచ్చి ఒత్తిన.
ఎనిమిది కాదు, పన్నెండు మడతలు.
ఇంకోటి. ఇంకోటి.
ఆయన ఒకటి చేసేలోపల నావి ఆరు.
పిండి చేతులతోటి అట్లనే చూస్తున్నడు.
ఏడేండ్లు ఫోన్ల మొఖమే చూసిండు.
వీడియోల చేతులు రావు కద,
అవి కిందికి, చాటల ఉంటయి.

"ఎప్పుడు నేర్చినవ్?"
నువ్వు విమానం ఎక్కిన తెల్లారి సంది,
దినాం ఎనిమిది వందలు.
చెప్పలే. ఇంకో ముద్ద అందుకున్న.

అయిపోయినంక చూస్తె తాంబాళంల
ఐదు వరుసలు, వరుసకు ఐదు.
నాకు తెల్వకుంటనే కట్ట కట్టిన.
దారం ఒక్కటే తక్కువ.

చారు అనాల్నో పులుసు అనాల్నో.
మొదాలు తీపి, అటెన్క ముక్కుల నిమ్మగడ్డి,
కారం మాత్రం ఆలస్యంగ వచ్చి చెవుల కూసున్నది.
హారిక మూడు కుడుములు మింగి
నాలుగోదాని మడతలు విప్పింది,
లోపల ఎవరున్నరో అన్నట్టు.
నేను గిన్నె వొంచి తాగిన.
"మంచిగైందని నొక్‌కు చెప్పు" అన్న.
పన్నెండోసారి ఆ పిట్ట
నా నోట్లకెల్లి ఎగిరింది.

తెల్లారి కార్ఖానల
సాయిలు ఒక కట్ట ముక్కుకాడ పెట్టుకొని
"ఏందక్కా, నిమ్మ వాసన?" అన్నడు.
రెండు బీడీలు ఇరిచి అవతల పడేసిండు.
మిగిలినయి లెక్కల రాసుకున్నడు.