ఆరో పాట

పెట్టె మూత తీయగానే వెనిగర్ వాసన.
పాత టేపు చివికితే ఇలాగే ఉంటుంది.
హల్ రేవులో పుట్టినదాన్ని, నాకు ముందు
వేయించిన చేప గుర్తొస్తుంది,
ఆ తర్వాతే జాలి.

అట్ట మీద పెన్సిల్ రాత, సౌండు మనిషి ఎర్నీ కోప్లాండ్‌ది:
"టిన్ గన్నెట్. డాక్ రోడ్ హాలు.
గురువారం, ఫిబ్రవరి పదిహేడు, డెబ్భై రెండు.
చలి. జనం తడి కోట్లతో వచ్చారు."
అంతే. పాటల పేర్లు రాసే ఓపిక లేనివాడు
కోట్ల సంగతి రాశాడు.

నెల రోజులుగా తుడుస్తున్నాను.
గరగర తీశాను, తీగల రొద తీశాను.
మూడో పాటలో ఎవరో దగ్గారు, గట్టిగా, పొగాకు దగ్గు.
దాన్ని తీసేస్తే గిటార్ ఒంటరిదైపోయింది.
మళ్ళీ తెచ్చి పెట్టాను.
పాటగాడు రెండో చరణం మరిచి
మొదటిదే ఇంకోసారి పాడేశాడు, సిగ్గులేకుండా.
అదీ ఉంచాను.

ఇక ఆరో పాట.
గని కార్మికుల సమ్మె నాళ్ళవి. బొగ్గు లేదు.
వీధులు వంతులవారీగా చీకటయ్యేవి.
ఆ రాత్రి వంతు డాక్ రోడ్‌ది.
గిటార్ ఇంకా పైకి ఎక్కుతుండగా
టేపులో లోకం కుంగుతుంది:
గొంతు దున్నపోతుదవుతుంది, తాళాలు బురదవుతాయి,
మూ... అంటూ
అంతా అడుక్కి దిగిపోతుంది.

వెంటనే, ఊపిరి తిప్పుకునే సందు లేకుండా
అదే బురదలోంచి లేస్తుంది చప్పట్ల హోరు.
ఎందుకన్ని చప్పట్లో టేపుకు తెలియదు.

ఊరికి తెలుసు.
డ్రమ్ములకు కరెంటుతో పనేముంది?
కెన్ ఆల్డ్రెడ్ ఆగలేదు.
చీకట్లో ఒక్కడే, పదకొండు నిమిషాలు.
గోడలకు చెమట పట్టిందంటారు.
ఇరవై నిమిషాలనేవాళ్ళూ ఉన్నారు.
తొమ్మిది వందల మంది పట్టే హాలు అది,
ఆ రాత్రి అక్కడున్నామని చెప్పేవాళ్ళు
ఊళ్ళో నాలుగు వేలకు తగ్గరు.
"నాలుగు నిమిషాలే," అంది కెన్ భార్య మావిస్, ఫోన్లో.
"నేను బాత్రూమ్ వరసలో ఉన్నాను. నాకు తెలియదా?"

కెన్ పోయి నలభై ఏళ్ళు దాటింది.
రికార్డు కంపెనీ కుర్రాడు లండన్ నుంచి అన్నాడు:
"మంచి డ్రమ్మర్ని పెట్టి ఆ ముక్క కొట్టిద్దాం.
ఎవరికి తెలుస్తుంది?"

రోలండ్ పిక్‌ని పిలిచాను. బ్యాండ్‌లో మిగిలిన ఇద్దరిలో
ఫోన్ ఎత్తేది ఆయనే.
బాస్ వాయించిన ఆ చేతులు
ఇప్పుడు టీ కప్పు పట్టడానికి రెండూ ఏకమవుతాయి.
టేపు కుంగే చోటు మూడుసార్లు విన్నాడు.
"నేనూ ఆగలేదు," అన్నాడు.
"కరెంటు లేని తీగ. ఎవరికీ వినపడదు.
వాడి మోతలో నాకే వినపడలేదు.
అయినా మొత్తం వాయించాను.
వాడు తాళం తప్పాడో లేదో
చెప్పగలిగేవి నా వేళ్ళే.
రెండుసార్లు తప్పాడు."
నవ్వి, బిస్కెట్ అడిగాడు.
"దాన్ని ఎవర్ని పెట్టి కొట్టిస్తారట?"

ఆయన వెళ్ళాక అట్ట తిరగేశాను.
వెనక ఎర్నీ రాత ఇంకో ముక్క:
"వస్తుందేమోనని మీట మీంచి వేలు తీయలేదు."

టేపును దీపం కింద పరిచి ఆ చోటు వెతికాను.
గోటి గీతంత మసక.
కుంగడానికీ లేవడానికీ మధ్య ఉన్న ఎడం అంతే.
కోయలేదు, అతకలేదు, సాగదీయలేదు.
కెన్ కొడుతున్నంతసేపూ,
రోలండ్ ఎవరికీ వినపడనిది వాయిస్తున్నంతసేపూ,
మావిస్ వరసలో కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డంతసేపూ
టేపు కూడా అక్కడే నిలబడి ఉంది,
చీకట్లో,
తడి కోట్ల మధ్య.