గురువారం మతిమరుపు

తావెత్‌కి పద్నాలుగేళ్ళు.
తార్తులో యూనివర్సిటీ వాళ్ళు
వాడి చేతిలో లాబ్ తాళంచెవి పెట్టారు.
సంతకం మాత్రం అమ్మది కావాలన్నారు.

వాడికంటే నాలుగేళ్ళు పెద్దదాన్ని నేను,
ఇంకా బడిలోనే ఉన్నాను.
వచ్చినవాళ్ళకి బామ్మ ముందు వాణ్ణి చూపించి
తర్వాత నా వైపు తిరిగి
"ఇదీ... మంచి పిల్లే" అంటుంది.
ఆ "మంచి"ని చాలా రోజులు నమిలాను.

క్లాసయ్యాక అందరూ బీరుకి పోతారట.
వీడు వంతెన మీద నిలబడి
నదిలో కొట్టుకొచ్చే మంచుపలకలు లెక్కపెడతాడు.
ఎన్నిరా అంటే, లెక్క తప్పిందంటాడు.
వాడికి! లెక్క తప్పడం!

పాత స్నేహితుడు ఐనార్ ఓసారి ఎదురై
"ప్రొఫెసర్ గారూ, కులాసానా" అన్నాడు.
తమాషాకే.
ఆ రాత్రి వీడు సూపు ముట్టలేదు.

డిసెంబరులో ఒక గురువారం
నా డబ్బా ఇంట్లో మరిచిపోయాను, నిజంగానే.
బడి గేటు దగ్గరికి రొప్పుతూ తెచ్చాడు.
ఇచ్చేశాక కదల్లేదు.
ఐనార్ వాళ్ళు మంచుముద్దలు విసురుకుంటుంటే
చలికి కాలు మార్చి కాలు వేస్తూ
చూస్తూ ఉండిపోయాడు.
ఒకటి వచ్చి వాడి టోపీ ఎగరగొట్టింది.
అప్పుడు చూడాలి వాడి మొహం!

అప్పట్నుంచీ గురువారాలు నాకు మతిమరుపు.
"దీనికి బుర్ర లేదు" అంటుంది అమ్మ,
బస్సు డ్యూటీకి బూట్లు తొడుక్కుంటూ.
తావెత్ నా వైపు చూడడు.

నేను పెట్టుకునేవి రెండు రొట్టెముక్కలు.
గేటు దగ్గర తెరిస్తే
ఈమధ్య మూడుంటున్నాయి.