ఎనిమిదో లేన్

బాలసముద్రంల సముద్రం లేదు.
మున్సిపాలిటీ ఈతకొలను ఒకటుంది.
ఎండాకాలం మూడు నెలలు నీళ్లుంటయి,
తొమ్మిది నెలలు తాళముంటది.
తాళంచెవి నా కొంగున.

పొద్దుగాల బ్యాచ్ పిల్లలు పోయినంక
క్లోరిన్ డ్రమ్ముకు ఫోన్ ఆనించి పెట్టిన.
నాలుగొందల మీటర్లు, ఫ్రీస్టైల్.
ఎనిమిదో లేన్ల ఎర్రటోపి,
దాని మీద రంపం పండ్ల జెండా,
పేరు పక్కన ఆ దేశపు మూడక్షరాలు.
మండిబజార్ల అత్తరు దుకాణం మీది గదిల
పుట్టిన ఉమైరా.

నా పేరు సారలక్ష్మి.
"సారా" అని పిలిస్తే
వాళ్ల నానీ నన్ను తమ పిల్లే అనుకొని
రంజాన్ నెలంతా నా గిన్నె నింపి పంపేది.
ఉమైరా సరిచెయ్యలే. నేనూ చెయ్యలే.

జిల్లా పోటీల నేనే గెలిచిన,
ఒక్క బెత్తెడు ముందు.
బాత్రూంల ఏడ్చి వచ్చి
నా మిర్చిబజ్జీ సగం గుంజుకున్నది.
ఆ యేడే వాళ్ల అబ్బా పనిచేసే కంపెనీ ఇల్లిచ్చింది,
విమానమెక్కిన్రు.

బహ్రెయిన్ అంటే రెండు సముద్రాలని అర్థమట.
పోయినేడు మెసేజ్ పెట్టింది:
"ఒకటి నీకు పంపియ్యాల్నా?"
నల్లా వచ్చినంక చెప్త అన్న.

వాచ్‌మెన్ కొడుకు వచ్చి భుజం మీద వాలిండు.
"మనోళ్లు ఏ లేనక్కా?"
నాలుగో లేన్ల మూడురంగుల టోపి ఉంది,
వేలు అటే చూపెట్టిన.
వాడు నాలుగు నాలుగు అని ఎగురుతున్నడు.
"కొట్టు, కొట్టు" అని నేనూ అరుస్తున్న.
ఎవలనో చెప్పలే.

రెండో మలుపుల చూసిన.
గోడ దగ్గరికి రాంగనే
కాళ్లు విసరబోయి ఒక్క రెప్పపాటు ఆగుతది.
మూడో మలుపు. నాలుగోది. అట్లనే.
పట్టు చాలుతలేదని
కామెంటరీల ఎవరో అంటున్నడు.
ఆయనకేం ఎరుక,
మా కొలను లోతు దిక్కు గోడకు
పెంకు లేచిన టైల్ ఒకటుందని,
పన్నెండేండ్ల పిల్ల మడిమెను
బొక్క తేలేదాక కోసిందని,
నెత్తురు నీళ్లల్ల పొగలెక్క లేస్తుంటే
నేను చున్నీ చింపి కట్టిన్నని.

ఆ దేశం ఆమెకు కోచ్‌నిచ్చింది, పాస్‌పోర్ట్ ఇచ్చింది,
నిద్రకు సుత లెక్క రాసే డాక్టర్‌నిచ్చింది.
ఆమె ఈత అంతా వాళ్లదే కావచ్చు.
ఆ రెప్పపాటు మాది.

ఆరో స్థానం.
ఐదో పిల్లకూ ఆమెకూ నడుమ
నా బెత్తెడంత సుత లేదు.
నాలుగో లేన్‌కు కంచు వచ్చింది,
పిల్లగాడు బయటకురికి ఎవలెవలకో చెప్తున్నడు.
ఎర్రటోపి తీసి ఆమె నెత్తి తుడుచుకుంటుంటే
బొమ్మ ఆగిపోయింది. డేటా అయిపోయింది.

ఆ టైల్ మార్చాలని
ఐదేండ్ల సంది కమిషనర్‌కు అర్జీలు రాస్తనే ఉన్న.
ఈ నెలది ఇయ్యాల రాసేదుండె.
పెన్ను మూత తీసి, మళ్ల పెట్టిన.

రేపు రాస్త.
పొద్దుగాల బ్యాచ్‌ల నలభై మంది పిల్లలున్నరు,
ఎనభై మడిమెలు.